చిట్టాకు ఎక్కని ఎర్ర గీత

నేను చేసే ఉద్యోగమేమిటని కాశీబుగ్గలో ఎవరైనా అడిగితే సమాధానం చెప్పటం నాకు ఇప్పటికీ కష్టంగానే వుంటుంది. "కంప్యూటర్లో రాస్తాను" అంటే, "ఏటి, కథలా?" అంటారు. కథలు కావు. కంప్యూటరు పనిముట్లకు వివరణలు రాస్తాను. ఏ పనిముట్టు ఏమి చేస్తుంది, దాన్ని ఎలా వాడాలి, ఎక్కడ వాడకూడదు అన్నవన్నీ పూసగుచ్చినట్టు రాయటమే నా పని. టెక్కలిలో ఇంజనీరింగు చదివి, పదేళ్ళపాటు ఆ వివరణలు మనుషుల కోసం రాశాను. మనుషులు వాటిని చదివేవారు కారు; అది వేరే సంగతి. ఈ మధ్య మాత్రం నా రాతకు శ్రద్ధగల పాఠకులు దొరికారు. వారు ఒక్క మాట విడిచిపెట్టకుండా చదువుతారు. చదివినదాన్ని చదివినట్టే నమ్ముతారు. అయితే వారు మనుషులు కారు, ఏజెంట్లు.

ఏజెంటు అంటే ఇన్సూరెన్సు ఏజెంటు అనుకునేరు! కృత్రిమ మేధ అని పత్రికలలో మీరు రోజూ చూస్తున్న ఆ యంత్రాన్ని, ఒట్టి మాటలతో సరిపెట్టక పని కూడా చేసిపెట్టమని పురమాయిస్తే దానికి ఏజెంటు అని పేరు. పాపం, దానికి చేతులు లేవు, కళ్ళు లేవు. మనం అందించిన పనిముట్లే దానికి చేతులూ కళ్ళూ. ఒక్కొక్క పనిముట్టుకూ ఒక పేరు, నాలుగు వాక్యాల వివరణ, నింపవలసిన కొన్ని ఖాళీలు వుంటాయి. పనిముట్టు లోపల ఏమున్నదో ఏజెంటుకు తెలియదు. ఆ నాలుగు వాక్యాలు చదివి, దీన్ని వాడవచ్చునా వాడకూడదా, వాడితే వచ్చిన ఫలితానికి అర్థమేమిటి అని తేల్చుకుంటుంది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే అమెరికా కంపెనీ, ఏ పనిముట్టునైనా ఏ ఏజెంటుకైనా తగిలించటానికి వీలుగా మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి పద్ధతిని ప్రకటించింది. అప్పటి నుంచి పనిముట్లు పుట్టలు పుట్టలుగా పుట్టుకువస్తున్నాయి. వాటికి నాలుగు వాక్యాలు రాసిపెట్టే నాబోటివాళ్ళకు పలాసలో కూర్చున్నా పని దొరుకుతున్నది.

అలా నా చేతికి వచ్చిన పనిముట్లలో ఒకటి నెట్‌వర్క్ ట్రాఫిక్ చిట్టా తీసే పనిముట్టు. దాన్ని గురించే ఈ వ్యాసం. దానివల్ల నేను చేసిన అపచారాన్ని గురించి కూడా.

ముందు ట్రాఫిక్ అంటే ఏమిటో చెప్పాలి. మీరు ఫోనులో ఒక పేజీ తెరిచారనుకోండి. అది ఒక్క వస్తువులా కనబడుతుంది గాని, దాని కోసం బ్రౌజరు డజన్లకొద్దీ కబుర్లు పంపుతుంది. అక్షరాల తీరు కోసం ఒక కబురు, ఒక్కొక్క బొమ్మకూ ఒక్కొక్కటి, ధరల పట్టీకి ఒకటి, మీరు ఎవరో కనుక్కోవటానికి మరొకటి. ప్రతి కబురుకూ జవాబు వస్తుంది. జవాబు తలమీద ఒక అంకె వుంటుంది. 200 అంటే పని అయింది. 404 అంటే అడిగినది ఇక్కడ లేదు. 403 అంటే వున్నది గాని నీకు ఇవ్వను. 500 అంటే అవతలి యంత్రం తన కాళ్ళమీద తనే తూలి పడింది. ఈ రాకపోకలన్నిటినీ వరుసగా రాసిపెట్టేదే ట్రాఫిక్ చిట్టా.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1988లోనే అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలవారు టీసీపీడంప్ అనే పనిముట్టు తయారుచేశారు. 1998లో జెరాల్డ్ కోంబ్స్ అనే ఆయన ఎథీరియల్ అనే దాన్ని విడుదల చేశారు. అది 2006లో వైర్‌షార్క్ అని పేరు మార్చుకుని నేటికీ వాడుకలో వున్నది. అయితే అవి ఇంజనీర్ల చేతి పనిముట్లు. ఇంజనీరు అన్నవాడికి చిట్టా చూడగానే అనుమానించటం అలవాటు. ఏజెంటుకు ఆ అలవాటు మనం నేర్పాలి. నేర్పటానికి మన చేతిలో వున్నవి ఆ నాలుగు వాక్యాలే.

పని ఒప్పుకున్న రోజు రాత్రి మా నాన్నగారితో ఈ మాటలే చెప్పాను. ఆయన రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. నౌపడాలోనూ, టెక్కలిలోనూ, చివర పలాసలోనూ పనిచేశారు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన నౌపడా లైనులో ఇంకా చిన్న బండి నడిచే రోజుల్లో ఆ స్టేషన్లలో వున్నవారు. నా మాటలన్నీ విని నవ్వారు.

"ఇది మా ట్రెయిన్ సిగ్నల్ రిజిస్టరే కదరా" అన్నారు.

నిజమే. ఆ రిజిస్టరును నేను చిన్నప్పుడు స్టేషన్లో చూశాను. బండి నంబరు, పక్క స్టేషన్‌వారు లైన్ క్లియర్ అడిగిన గంట, ఇచ్చిన గంట, బండి బయలుదేరిన గంట, చేరిన గంట, అన్నీ గళ్ళల్లో వరుసగా. బండి లోపల ఏమున్నదో అందులో వుండదు. బొగ్గా, ఉప్పా, జీడి పిక్కలా అన్నది కావాలంటే ఆ బండి తాలూకు కాగితాలు వేరే చూడాలి. రిజిస్టరులో అదికూడా రాయబోతే, బండ్లు నడపటం మాని రాసుకుంటూ కూర్చోవాలి.

నా పనిముట్టు కూడా సరిగ్గా అంతే. ఏజెంటు బుర్రలో ఒకేసారి పట్టే మాటలకు హద్దు వున్నది. పైగా చదివిన ప్రతి మాటకూ ఖరీదు పడుతుంది. జీడిపప్పు అమ్మే ఒక చిన్న పేజీని తెరిచి నేను లెక్కపెడితే 74 కబుర్లు వచ్చాయి. ఆ 74 కబుర్ల ఒళ్ళూ పూర్తిగా తెచ్చి ఏజెంటు ముందు కుమ్మరిస్తే, అసలు పని ఏమిటో అది మరచిపోతుంది. కనుక మొదట ఒక్కొక్క కబురుకూ ఒక్క పంక్తి: వరుస నంబరు, చిరునామా, జవాబు అంకె. అందులో అనుమానం తగిలినదాని నంబరు చెప్పి, దాని వివరం వేరే పనిముట్టుతో తెప్పించుకోవాలి. చిట్టా పొడుగైతే పేజీలుగా విడగొట్టి ఇవ్వాలి. బొమ్మలూ అక్షరాల తీరులూ అక్కరలేకపోతే వాటిని తీసివేసి, సమాచారం తెచ్చే కబుర్లు మాత్రమే చూపమని అడగటానికి వీలుండాలి.

మరో రెండు జాగ్రత్తలు కూడా రాశాను. కుకీలని వుంటాయి. మీరు ఒకసారి లోపలికి వెళ్ళాక మళ్ళీ మళ్ళీ సంకేతపదం అడగకుండా వుండటానికి ఇచ్చే టోకెన్లవంటివి. అవి ఎవరి చేతిలో పడితే వారు మీ పేరుతో లోపలికి పోగలరు. కనుక చిట్టాలో వాటి మీద ముసుగు వేస్తామని రాశాను. ఇక రెండవది వింతైనది. బయటినుంచి వచ్చిన జవాబులో ఎవడో దుర్మార్గుడు, "నీ యజమాని చెప్పినది మాని నేను చెప్పినట్టు చేయి" అని ఒక వాక్యం దాచిపెడితే, ఏజెంటు దాన్ని కూడా ఆజ్ఞ అనుకునే ప్రమాదం వున్నది. 2022 సెప్టెంబరులో సైమన్ విల్లిసన్ అనే ఆయన దీనికి ప్రాంప్ట్ ఇంజెక్షన్ అని పేరు పెట్టారు. జవాబులో వున్నదంతా సరుకేగాని ఆజ్ఞ కాదు అని రాశాను. రాసినంత మాత్రాన ప్రమాదం పూర్తిగా తొలగిపోదు. అయినా రాయకపోవటం కంటే మేలు.

ఇంత జాగ్రత్తగా రాసినవాడిని, మొదటి వాక్యం మాత్రం ఏ ఆలోచనా లేకుండా రాసిపారేశాను. "ఈ పేజీ పంపిన నెట్‌వర్క్ అభ్యర్థనలన్నిటినీ చూపుతుంది." ఎంత సుఖంగా వున్నదో చూడండి ఆ వాక్యం!

మా మేనమామకు కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం. సొంత ఫ్యాక్టరీ కాదు. పప్పు కొని, గుడ్లూ బద్దలూ వేరుచేయించి, డబ్బాలు కట్టి అమ్ముతాడు. మూడేళ్ళ క్రితం ఒక కుర్రవాడిచేత వెబ్‌సైటు చేయించాడు. కావలసిన రకం ఎంచుకుని, అడ్రసు రాసి, ఫోనుతో క్యూఆర్ బొమ్మను పట్టి డబ్బు కట్టి, ఆర్డరు మీట నొక్కితే సరుకు ఇంటికి వస్తుంది. రోజూ పొద్దున్నే ఆర్డర్ల తెర చూసి, చీటీలు రాసి, డబ్బాలు కట్టించటానికి ఒక అమ్మాయిని పెట్టుకున్నాడు. వజ్రపుకొత్తూరు వైపు, సముద్రానికి దగ్గరలోని ఉద్దానం పల్లె ఆమెది. టెక్కలిలో డిగ్రీ చదువుకున్నది. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళను పట్టుకున్నదో మీలో చాలామంది వినే వుంటారు. వాళ్ళ నాన్నకు కూడా అదే. వారానికి మూడుసార్లు పలాసకు డయాలసిస్‌కు రావాలి. 2023 డిసెంబరులో పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయింది గనుక దూరాభారం తప్పింది. తండ్రిని ఆసుపత్రిలో దిగబెట్టి, ఆమె మామ దుకాణానికి వచ్చేది. సాయంత్రం ఇద్దరూ కలిసి బస్సెక్కేవారు. ఆ ఉద్యోగం ఆమెకు జీతం కోసమే కాదని నేను చెప్పనక్కరలేదు.

ఒక నెలలో ఏడుగురు ఫోను చేసి, డబ్బు కట్టాము, సరుకు రాలేదు అన్నారు. మామ బ్యాంకు లెక్క చూస్తే డబ్బు వచ్చివున్నది. ఆర్డర్ల తెరమీద మాత్రం వాళ్ళ పేర్లు లేవు.

"నా కంటికి అగుపడలేదు బాబూ" అన్నది ఆ అమ్మాయి.

"డబ్బులొచ్చినాయి, ఆర్డర్లు రాలేదంటే ఎవులు నమ్ముతారు? చూసుకోకుండా చెరిపేసుంటావు" అన్నాడు మామ.

సరిగ్గా ఆ వారమే నేను ఘనంగా మా పనిముట్టును మామ కంప్యూటరులో ఒక ఏజెంటుకు తగిలించి, పరీక్షగా వాడుకోమని చెప్పి వచ్చాను. మామకు అంతకంటే ఏం కావాలి? సరుకు రాని ఒకాయన అడ్రసే ఇచ్చి, ఇలా ఒక ఆర్డరు పెట్టి ఎక్కడైనా లోపం వున్నదేమో చూడమన్నాడు. ఏజెంటు బుద్ధిగా ఆర్డరు పెట్టింది. "ధన్యవాదాలు" అన్న పేజీ వచ్చింది. అప్పుడు చిట్టా తెప్పించి చూసింది. 21 కబుర్లు, అన్నిటి తలమీదా 200. "పేజీ పంపిన అభ్యర్థనలన్నీ విజయవంతమయ్యాయి. వెబ్‌సైటులో లోపమేదీ కనబడలేదు" అని నివేదిక ఇచ్చింది.

మామ ఆ నివేదికను కాగితం మీద అచ్చు తీయించి ఆ అమ్మాయి ముందు పెట్టాడు. యంత్రం అబద్ధం చెప్పదు గదా అన్నాడు. ఆమె ఏడవలేదట, వాదించలేదట. చీటీల పుస్తకం బల్లమీద పెట్టి వెళ్ళిపోయిందట.

రెండు రోజుల తరువాత, "నీ మిషను బలే పట్టేసిందిరా!" అని మామ సంబరంగా చెప్తుంటే నేను కూడా సంతోషించాను. ఈ మాట దాచుకోవటం న్యాయం కాదు. నా పనిముట్టు పనికివచ్చిందన్న ముచ్చటలో, ఆ అమ్మాయి సంగతి నాకు ఒక క్షణం తట్టనే లేదు.

ఇంటికి వచ్చి భోజనాల దగ్గర అదే మాట నాన్నగారికి చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ ఆగి, "ఏ గంట నుంచి ఏ గంట వరకురా నీ చిట్టా?" అన్నారు.

"అంటే?"

"రిజిస్టరు పేజీ తిరగేశావనుకో. కొత్త పేజీలో వున్న బండ్లే చూసి, ఈ రాత్రి అన్ని బండ్లూ క్షేమంగా వెళ్ళాయని చెప్తే ఎలా? డ్యూటీ దిగేవాడు ఏ గంటకు దిగాడో, ఎక్కేవాడు ఏ గంటకు ఎక్కాడో రాసి సంతకం పెట్టేది అందుకే కదా?"

నాకు ముద్ద దిగలేదు. మా పనిముట్టు చిట్టా ఎప్పుడు మొదలవుతుందో నాకు తెలుసు. బ్రౌజరు ఒక పేజీనుంచి మరో పేజీకి వెళ్ళగానే పాత చిట్టా తుడిచివేసి, కొత్తది మొదలుపెడుతుంది. అది తప్పు కూడా కాదు. చాలా పనిముట్లు అలాగే చేస్తాయి. కాని ఆ మాట నేను రాయలేదు. "అన్నిటినీ" అని రాశాను. ఆర్డరు మోసుకుపోయిన కబురు పాత పేజీది. ఏజెంటు చూసిన 21 కబుర్లూ "ధన్యవాదాలు" పేజీ తాలూకు బొమ్మలూ, అక్షరాలూ.

ఆ రాత్రే మామ ఇంటికి వెళ్ళి దుకాణం తెరిపించాను. క్రోము బ్రౌజరులో నెట్‌వర్క్ గది తెరిచి, పేజీ మారినా చిట్టా తుడవవద్దని చెప్పే 'ప్రిజర్వ్ లాగ్' అన్న గడిలో టిక్కు పెట్టి, అదే అడ్రసుతో ఆర్డరు పెట్టాను. "ధన్యవాదాలు" పేజీ వచ్చింది. పైన మాత్రం ఒక పంక్తి ఎర్రగా నిలబడివున్నది. 500.

అవతలి యంత్రం ఎందుకు తూలిందో తెలిసినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ వెబ్‌సైటు చేసిన కుర్రవాడు అడ్రసుకు 200 బైట్ల చోటు పెట్టాడు. బైటు అంటే కంప్యూటరు కొలత. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనేవారు యూటీఎఫ్-8 అనే లిపి సంకేతం రూపొందించారు. ఇప్పుడు ఇంటర్నెట్టులో ఎక్కడ చూసినా అదే. అందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగుకు అక్షరమైనా, గుణింతపు గుర్తయినా, పొల్లు అయినా ఒక్కొక్కదానికి మూడు బైట్లు. ఇంగ్లీషులో శ్రీకాకుళం అని రాస్తే పది అక్షరాలు, పది బైట్లు. తెలుగులో రాస్తే ముప్పై! ఊరూ, వీధీ, మండలమూ, పలానా గుడి వెనక అన్న గుర్తుతో సహా తెలుగులో రాసినవారి అడ్రసు 200 దాటిపోతున్నది. యంత్రం ఆ ఆర్డరును పడేస్తున్నది. పేజీ మాత్రం ఆ సంగతి పట్టించుకోకుండా ధన్యవాదాలు చెప్తున్నది. ఫోను చేసిన ఏడుగురివీ తీసి చూస్తే ఏడూ తెలుగు అడ్రసులే.

మామ చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "మరి నీ మిషను అలగ చెప్పినాదేటి?" అన్నాడు.

"మిషను నేను చెప్పినదే నమ్మింది మావా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి ఊరికి బయలుదేరాను. కాశీబుగ్గ దాటాక కొంచెం దూరంలోనే నేల ఇసుకగా మారుతుంది. కొబ్బరి, జీడిమామిడి, పనస. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరలోనే తీరం దాటింది. ఆ ఒక్క రాత్రిలో ఈ తోటలు చాపలా పడుకున్నాయి. ఉద్దానమనే మాటకు ఉద్యానవనమని అర్థం చెప్తారు. తుపాను మర్నాడు ఆ మాట పలకటానికి నోరు వచ్చేది కాదు. అప్పుడు నాటిన కొబ్బరిమొక్కలు ఇప్పుడు మనిషి ఎత్తు దాటాయి. వాటి నడుమ తుపానుకు నిలిచిన పాత చెట్లు అక్కడొకటి ఇక్కడొకటి వున్నాయి.

ఇల్లు చూపించటానికి ఎవరినీ రెండోసారి అడగనక్కరలేకపోయింది. వాళ్ళమ్మ వాకిట్లో జీడి పిక్కలు ఆరబోస్తున్నది. "రండి బాబూ" అని నులకమంచం వాల్చింది. లోపల తండ్రి దగ్గుతున్నాడు. ఆ రోజు డయాలసిస్ లేని రోజు.

అమ్మాయి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. జరిగినదంతా చెప్పాను. ఎర్ర గీత సంగతి, తెలుగు అడ్రసుల సంగతి, నా వాక్యం సంగతి. క్షమించమని అడగటానికి వచ్చానన్నాను. ఆమె ఒక్కటే అడిగింది.

"మీరేటి రాసినారు అందులో? నాకు చూపించండి."

ఫోనులో తీసి చూపించాను. పాత వాక్యమూ, రాత్రి రెండు గంటలదాకా కూర్చుని మార్చిన కొత్త వాక్యాలూ. మార్చేముందు ఇతరులు ఎలా రాశారోనని కూడా చూశాను. గూగుల్‌వారు 2025 సెప్టెంబరులో క్రోము బ్రౌజరును ఏజెంట్ల చేతికి ఇచ్చే పనిముట్లు బయటపెట్టారు. అందులో చిట్టా తీసే పనిముట్టుకు వారు మొదటి వాక్యంలోనే చెప్పారు: చివరిసారి పేజీ మారిన తరువాతి కబుర్లు మాత్రమే అని. వెనకటి మూడు పేజీలవి కూడా కావాలంటే అడగటానికి వేరే గడి పెట్టారు. నేను పది పంక్తులు రాసి విడిచిపెట్టినదాన్ని వారు నాలుగు మాటల్లో చెప్పారు. సిగ్గుపడి, నేను కూడా అలాగే మార్చాను. "ప్రస్తుతం తెరిచివున్న పేజీ, చివరిసారి మారిన తరువాత పంపిన అభ్యర్థనలను మాత్రమే చూపుతుంది. అంతకు ముందువి ఇందులో వుండవు."

ఆమె రెండుసార్లు చదివింది. నేను మెప్పు కోసం ఎదురుచూస్తున్నానేమో కూడా!

"ఇది బాగానే వుంది అన్నయ్య గారూ. కాని ఇది చదివాక ఆ మిషను ఏటి సెయ్యాలో మీరు రాయలేదు గదా" అన్నది.

"అంటే?"

"నేను పొద్దున్నే తెర తీస్తాను. పేరు లేదు. లేదంటే ఆర్డరు రాలేదని కాదు, నాకు అగుపడలేదని. అదే నేను మీ మావగారికి చెప్పినాను. ఆయన నమ్మలేదు. మీ మిషను కూడా అలగే అనాలి గదా? 'నాకు అగుపడలేదు' అనాలి. 'లేదు' అనకూడదు."

నేను ఆ మంచం మీదే కూర్చుని, ఆమె చూస్తుండగా మరో రెండు వాక్యాలు చేర్చాను. "వెతుకుతున్న అభ్యర్థన చిట్టాలో లేకపోతే, అది జరగలేదని గాని విజయవంతమయిందని గాని చెప్పవద్దు; ఈ చిట్టాలో కనబడలేదని మాత్రమే చెప్పి, పాత పేజీల చిట్టా తెప్పించి చూడు. ఒక మనిషిమీద తప్పు మోపటానికి ఈ చిట్టా ఒక్కటే ఆధారంగా చూపవద్దు." ఇటువంటి పనిముట్ల వివరణలో ఆ రెండవ వాక్యానికి చోటుండదని మా సంస్థలో తరువాత ఒకాయన అన్నాడు. పనిముట్టు ఏమి చేస్తుందో చెప్పాలి గాని నీతులు చెప్పకూడదట. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. చాలా వాదించిన మీదట, దాన్ని కొంచెం మార్చి వుంచారు: ఫలితం చెప్పేటప్పుడు ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకు చూసినదీ కూడా చెప్పాలి అని. మా నాన్నగారు అది చదివి, "ఇప్పుడు డ్యూటీ సంతకం అయింది" అన్నారు.

కొత్త వివరణతో అదే ఏజెంటుకు అదే పని మళ్ళీ ఇచ్చి చూశాను. ఆర్డరు పెట్టింది, ధన్యవాదాల పేజీ వచ్చింది, చిట్టా తెప్పించింది, ఆర్డరు కబురు కనబడలేదన్నది, పాత పేజీ చిట్టా అడిగింది, 500ను పట్టుకున్నది. పనిముట్టులో ఒక్క మర కూడా మార్చలేదు. మార్చినవి నాలుగు వాక్యాలు.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఆ రోజు బయలుదేరుతూ, రేపటినుంచి దుకాణానికి రమ్మని మామ చెప్పమన్నాడని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మీరొచ్చి చెప్పినారు, సంతోషమే. కాని ఆ కాగితం నా ముందు పెట్టింది మీరు కాదు గదా" అన్నది. వాళ్ళమ్మ "ఊరుకోవే" అన్నది. ఊరుకోలేదు.

ఆ మాటే మామకు వచ్చి చెప్పాను. "ఆడపిల్లకి అంత పౌరుషమేటి?" అని మూడు రోజులు గొణిగాడు. ఆ మూడు రోజులూ చీటీలు తనే రాసుకున్నాడు. సరుకు అందని ఏడుగురికీ ఫోను చేసి, పప్పు పంపించాడు. వెబ్‌సైటు కుర్రవాణ్ణి పిలిపించి అడ్రసు చోటు పెంచమన్నాడు; ఆర్డరు అందకపోతే ధన్యవాదాలు చెప్పవద్దన్నాడు.

ఆదివారం పొద్దున్న మా ఇంటి ముందు స్కూటరు ఆగింది. మామ చలువచేసిన చొక్కా వేసుకున్నాడు. ముందు ఒక జీడిపప్పు డబ్బా, గుడ్డు రకం, పెట్టుకున్నాడు.

"ఆళ్ళ ఇల్లు నాకు తెల్దు. ఎనక కూకో" అన్నాడు.

కూర్చున్నాను. కిక్కు కొట్టబోయి ఆగాడు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నాకు ఇచ్చాడు. ఆ అమ్మాయి ముందు పెట్టిన నివేదికే అది.

"దీన్ని ఆ పిల్ల ముందరే సింపాల. బద్రంగా అట్టుకో" అన్నాడు.